సమాధానం: బల్లార్షాలో మేడ మీది షీట్ల గది వేడి

పాలికార్బొనేట్ షీట్ల కింద థర్మాకోల్ సీలింగ్ కొట్టించినా మధ్యాహ్నం కూర్చోలేకపోతున్నామన్నారు. కారణం ఆ షీటే. ఎండ దాని గుండా దిగి, షీటుకీ సీలింగుకీ మధ్య గాలిని కాచేస్తోంది. ఆ గాలి బయటికి పోయే దారి లేదు. థర్మాకోల్ తీసేయండి. నిప్పు అంటుకుందంటే చాలా ప్రమాదం.

1. ఆ షీట్ల స్థానంలో 50 మి.మీ. పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలక) వేయించండి. పైరేకు తెలుపే తీసుకోండి.

2. ముందు ఫ్రేమ్ వెల్డర్‌కు చూపించండి. ప్యానెల్ చదరపు మీటరుకు దాదాపు 10 కిలోలు, పాత షీటు కంటే చాలా బరువు.

3. ఎక్కువమంది వదిలేసేది అంచులు. పైరేకుకు గట్లుంటాయి కదా, గోడ దగ్గర ఫ్లాషింగ్ (అతుకును కప్పే రేకు పట్టీ) వేశాక ఆ గట్ల మధ్య పల్లాల్లో సందులు మిగులుతాయి. మన చంద్రపూర్ వైపు మేలో 45 డిగ్రీలు దాటినప్పుడు వడగాలి అక్కడినుంచే దూరుతుంది, జూన్‌లో వాన కూడా. ఆ సందుల్లో ఫోమ్ ఫిల్లర్ (పల్లం ఆకారంలో కోసిన ఫోమ్ ముక్క) పెట్టించి, పైన సిలికాన్ సీలెంట్ పట్టించండి. మేస్త్రి నిచ్చెన దించకముందే పట్టపగలు తలుపులు మూసి, కిటికీ అద్దాలకు దుప్పట్లు కట్టి లోపల నిలబడండి. అంచుల్లో వెలుతురు గీత కనిపిస్తే అక్కడ మళ్లీ చేయించండి. డబ్బు అప్పుడే ఇవ్వకండి.

4. పడమటి అద్దాలకు గ్రీన్ నెట్ బయటివైపే కట్టండి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ గదిలోకి వచ్చేసినట్టే.