కుందేటి కొమ్ము వెనుక వైరస్

ప్రశ్న: అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో ముఖం మీద నల్లని కొమ్ములు మొలిచిన కుందేళ్ల ఫొటోలు 2025 ఆగస్టులో ఫోన్లలో విపరీతంగా తిరిగాయి. అవి నిజమైనవేనా? అది క్యాన్సర్‌గా మారే వైరస్ అని కూడా రాశారు. మా పిల్లలు కుందేళ్లను పెంచుతున్నారు, అందుకే అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అసాధ్యమైన దానికి ‘కుందేటి కొమ్ము’ అని పేరు పెట్టుకున్న మనకు ఆ ఫొటోలు బూటకమనిపించడం సహజమే కానీ, అవి నిజమైనవే. అయితే అవి కొమ్ములు కావు, పులిపిర్లు. మన గోళ్లలో ఉండే కెరాటినే చర్మం మీద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడటంతో అలా కనిపిస్తాయి. నోటి చుట్టూ పెరిగితే కుందేలు మేత మేయలేక చనిపోవచ్చు.

రాక్‌ఫెల్లర్ సంస్థ శాస్త్రవేత్త రిచర్డ్ షోప్ అయోవా, కాన్సస్ రాష్ట్రాల కాటన్‌టైల్ జాతి అడవి కుందేళ్ల పులిపిర్లను నూరి, బ్యాక్టీరియా దాటలేనంత సన్నని వడపోత గుండా పోనిచ్చి, దిగిన ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ల గీరిన చర్మానికి పూశారు. వాటికీ అవే పులిపిర్లు లేచాయి. కారణం వైరస్సేనని 1933లో ఆయన ప్రకటించారు. తరువాత ఈ పరిశోధనను పేటన్ రౌస్ చేపట్టారు. కోళ్లలో ఒక రకం కణితికి వైరస్ కారణమని 1911లోనే చూపిన రౌస్‌కు నోబెల్ బహుమతి 1966లో, 87వ ఏట గాని దక్కలేదు. ఇంతటి జాప్యాన్ని ఏ విధంగానూ సమర్థించలేము.

ఈ వైరస్ జన్యువులు కణ విభజనకు కళ్లెం వేసే ప్రోటీన్లను పనిచేయనివ్వవు. అయినా సోకగానే క్యాన్సర్ రాదు. కొన్ని కుందేళ్లలో రోగనిరోధక శక్తి వల్ల పులిపిర్లు వాటంతటవే రాలిపోతాయి. నెలల తరబడి నిలిచినవే ప్రమాదకరం. వైరస్ సోకిన అడవి కుందేళ్లలో సుమారు నాలుగో వంతు, పెంపుడు కుందేళ్లలో సుమారు నాలుగింట మూడు వంతులు క్యాన్సర్ బారిన పడతాయని ప్రయోగాల్లో తేలింది. చెవులకు తారు పూసి, ఆపైన వైరస్‌ను రక్తంలోకి ఎక్కించినప్పుడు తారు తగిలిన చోటనే త్వరగా క్యాన్సర్లు పుట్టడాన్ని రౌస్ గమనించారు. అంటే వైరస్‌కు మరొక తోడు దొరికితే ముప్పు పెరుగుతుంది. కాలిఫోర్నియా తీరంలోని సముద్ర సింహాలలో జననాంగాల క్యాన్సర్ హెర్పిస్ కుటుంబపు వైరస్‌తో ముడిపడి ఉండగా, ఆ క్యాన్సర్ ఉన్న జంతువుల కొవ్వులో డీడీటీ, పీసీబీ వంటి రసాయనాల పాళ్లు కూడా ఎక్కువగా ఉన్నట్లు 2020లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

ఇక మీ పిల్లల సంగతి. ఈ వైరస్ మనుషులకు గాని, కుక్కలకు, పిల్లులకు గాని సోకదు. దోమలు, పిడుదులు వంటివి కుట్టడం వల్ల ఒక కుందేలు నుంచి మరొక కుందేలుకు వ్యాపిస్తుంది. దీనికి సహజమైన నెలవు ఉత్తర అమెరికాలోని కాటన్‌టైల్. మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి ఆ జాతికి చెందినది కాదు. మీ కుందేలు చర్మం మీద గడ్డ ఏదైనా కనిపిస్తే మాత్రం, దానిని గిల్లకుండా పశువైద్యుడికి చూపించండి.