చిల్లులు పడ్డ నమూనా పుస్తకాలు

ప్రశ్న: నేను మగ్గం వర్క్ చేస్తాను. ట్రేసింగ్ పేపర్‌కి సూదితో చిల్లులు పొడిచి, పొడి రుద్ది, బట్ట మీదికి డిజైన్ దింపుతాం. 1500ల్లో యూరప్‌లో అచ్చయిన కుట్టుపని నమూనా పుస్తకాలనూ ఇలాగే వాడేవారట. మరి పుస్తకం పాడవదా?
- ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: భేషుగ్గా పాడయ్యేది. 1523-24లో ఆగ్స్‌బర్గ్‌లో షోన్‌స్పెర్గర్ అచ్చువేసిన పుస్తకం మొదలు, ఇలాంటివి వందల రకాలు వచ్చినా మిగిలినవి కొద్ది. పేజీలు చింపుకుని, పొడిచి, అరిగేదాకా వాడేశారు. ఇవాళ మ్యూజియంలో శుభ్రంగా కనిపించే ప్రతిని బహుశా ఎవరూ పనిలో పెట్టి ఉండరు.

తెలివైనవాళ్లు అచ్చుపేజీ కింద తెల్లకాగితం పెట్టి, రెంటినీ కలిపి పొడిచేవారు. ఆ తర్వాత పొడి రుద్దేది తెల్లకాగితం మీదే కాబట్టి పేజీకి మసి అంటదు. లేత బట్టకు బొగ్గుపొడి, ముదురు బట్టకు సుద్ద. పొడిని పల్చని గుడ్డలో మూటగట్టి మెల్లగా తట్టాలి. ఎక్కువ పోస్తే చుక్కలు అలుక్కుపోతాయి. పొడిచినప్పుడు వెనక లేచిన అంచుల్ని గరుకురాయితో అరగదీయకపోతే చిల్లు మూసుకుని గీత మధ్యలో తెగుతుంది. చుక్కల్ని సిరాతో కలిపాకే బట్ట దులపాలి. 1527 ప్రాంతంలో పగనీనో ఇటలీలో వేసిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది: ఆడవాళ్లు కిటికీ వెలుతురుకు ఎదురుగా బట్ట పట్టుకునీ, బల్ల కింద దీపం పెట్టుకునీ డిజైన్ దింపుకుంటుంటారు. పొడిచే అవసరమే లేదన్నమాట!

గళ్ల నమూనాల సంగతి వేరు. 1587లో పారిస్‌లో విన్చోలో అనే ఆయన, 1597లో నురెంబర్గ్‌లో సీబ్‌మాకర్ ఇచ్చినవాటిలో గడులు లెక్కపెట్టుకుంటూ కుట్టుకుపోవడమే. 1632 నాటి లండన్ పుస్తకంలో షోర్లేకర్ గళ్లతో బొమ్మను పెద్దదీ చిన్నదీ చేసుకోవచ్చని చెప్పాడు. రెండంగుళాల పువ్వును నాలుగంగుళాలు చేయాలంటే గడిని రెట్టింపు చేసి, గడికి గడి గీసుకోవాలి. గడి మరీ పెద్దదైతే వంపులు మొద్దుబారతాయి.

ఈ పొడి పద్ధతి మన కోరమాండల్ తీరంలోనూ ఉండేది. తెలుగు బాగా వచ్చిన ఫ్రెంచి పాద్రీ కేర్దూ 1742లో రాసిన ఉత్తరంలో అద్దకం పనివాళ్లు కాగితాన్ని సన్నని సూదితో పొడిచి, బట్టపై పరిచి, బొగ్గుపొడి మూట రుద్దడాన్ని వర్ణించాడు. కలం పట్టేది ఆ తర్వాతే.