మావారి బొమ్మల పిచ్చి జబ్బేనా?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 33 ఏళ్లు, మావారికి 38. ఆయన ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. జీతం 46 వేలు. లాక్‌డౌన్ రోజుల్లో బాబు కోసమని రెండు మూడు జంతువుల బొమ్మలు ఆన్‌లైన్‌లో తెప్పించారు. అప్పుడు మొదలైంది. ఏ సింహమో ఏనుగో అయితే సరే అనుకుందును. ఎవరూ పేరైనా వినని జంతువులే ఆయనకు కావాలి. అలుగు, ఒకాపి, టాపిర్, పెద్ద ముక్కు కొంగ, గబ్బిలాలు, బల్లులు. అచ్చం ప్రాణం ఉన్నట్టే ఉంటాయి. ఇప్పటికి 150 దాకా అయ్యాయి. అన్నీ మా బెడ్‌రూమ్‌లోనే, అల్మరాలో వరసగా పేర్చి పెట్టారు. ఎండ తగులుతుంది, దుమ్ము పడుతుంది అని కిటికీ తెరవనివ్వరు. బాబుకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. వాడు ముట్టుకుంటే ఊరుకోరు. మొన్న ఒకదాని కాలు విరిగితే రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. పార్సిళ్లు ఆఫీసుకు తెప్పించుకుంటున్నారని, క్రెడిట్ కార్డు మీద 31 వేలు బాకీ ఉందని ఈమధ్యే తెలిసింది. మా అత్తగారు "ఇంట్లో బల్లులు, గబ్బిలాలు పెట్టుకుంటే యాడ బాగుపడతాం, నువ్వన్నా చెప్పుకోవాల గదా" అని నన్నే అంటారు. నాకు టైఫాయిడ్ వచ్చి మంచం మీదుంటే, ఆయన ఆ పక్కనే కూర్చుని బొమ్మలు తుడుచుకున్నారు. కోపం పట్టలేక నాలుగు బొమ్మలు పుత్తూరులో మా అమ్మ వాళ్లింట్లో దాచేశాను. ఆయన ఇల్లంతా వెతుకుతున్నారు. మా తమ్ముడు అన్నీ తగలబెట్టెయ్యమంటున్నాడు. ఇది మానసిక జబ్బా? డాక్టరుకు చూపించాలా?
— పేరు రాయొద్దు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నిండా బొమ్మల గురించే రాశారు. టైఫాయిడ్ సంగతి మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. జ్వరంతో పడుకున్న మనిషి పక్కన కూర్చుని ఒళ్లు ఎలా ఉందని అడగకుండా ఉండటం చాలా బాధపెట్టే విషయం. ఆ బాధ న్యాయమైనది. దాన్ని ఆయనతో ఇంతవరకూ నేరుగా అని ఉండరని నా అనుమానం. బొమ్మల మీద గొడవ మాత్రం చాలాసార్లు పడి ఉంటారు. ఆ గొడవల్లో ఆయనకు వినపడింది "ఈ బొమ్మలు ఎందుకు?" అన్న మాటే. "నన్ను ఎందుకు చూసుకోలేదు?" అన్నది ఆయన దాకా చేరలేదు.

ముందు మీరు అడిగినదానికి చెబుతాను. వస్తువులు సేకరించడం జబ్బు కాదు. పనికిరానివన్నీ పోగేసి, ఒక్కటీ పారెయ్యలేక, ఇంట్లో కూర్చోవడానికి కూడా చోటు లేకుండా చేసుకునే పరిస్థితి ఒకటుంది. 2013 నుంచి మానసిక వైద్యులు దాన్ని ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తిస్తున్నారు. మీరు రాసినదాన్ని బట్టి మీవారి తీరు అలా లేదు. ఆయన ఎంచుకుని కొంటున్నారు, వరసగా పేరుస్తున్నారు, శుభ్రంగా ఉంచుకుంటున్నారు, ప్రతిదాని పేరూ తెలుసుకుంటున్నారు. ఇది అభిరుచి. అయితే దాచి కొనడం, అప్పు చేయడం, కొడుకుతో రెండు రోజులు మాట్లాడకపోవడం అనే మూడు చెడ్డ అలవాట్లు దానికి తోడయ్యాయి. ఆ మూడూ మారాలి. అందుకోసం బొమ్మలన్నీ పోవాల్సిన పని లేదు.

ఆ అల్మరాలో ఏముందో మీరు కొంచెం తెలుసుకుంటే ఆయనతో మాట్లాడటం తేలికవుతుంది. ఒకాపి కాంగో అడవుల్లో బతికే జంతువు. కాళ్ల మీద జీబ్రాలాంటి చారలుంటాయి కానీ అది జిరాఫీకి దగ్గరి చుట్టం. అంత పెద్ద జంతువు ఒకటి ఉందని శాస్త్రవేత్తలు తేల్చుకున్నది 1901లోనే. వియత్నాం, లావోస్ సరిహద్దు కొండల్లో ఉండే సావొలా అనే జంతువు సంగతి బయటి లోకానికి తెలిసింది 1992లో. ఆస్ట్రేలియాలో చారల తోడేలులా ఉండే థైలసిన్‌ చివరిది 1936లో హోబర్ట్ జూలో చనిపోయింది. ఇలాంటివాటి బొమ్మ చేయాలంటే, కొలతలు చూసి శిల్పి ముందు ఒక నమూనా చేస్తాడు, దాన్నుంచి అచ్చు తీస్తారు, ఆ తర్వాత రంగులు వేస్తారు. జర్మనీలోని ష్లైక్ కంపెనీ 1935లో పుట్టింది. ఫ్రాన్స్‌లో పాపో, అమెరికాలో సఫారీ అనే కంపెనీలు ఉన్నాయి. చాలా బొమ్మలకు పొట్ట కింద కంపెనీ పేరు, తయారైన సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. లెక్కల పుస్తకాల మధ్య రోజంతా గడిపే మనిషికి ఇదొక పెద్ద లోకం. ఆ లోకంలోకి ఆయన మిమ్మల్ని పిలవలేదు. మీరు కూడా లోపలికి తొంగి చూడలేదనుకుంటాను.

దాచి కొనడానికి కూడా ఒక కారణం ఉంది. కారణం చెబుతున్నానంటే సమర్థిస్తున్నానని అనుకోకండి. ఈ కంపెనీలు ఏటా కొన్ని కొత్తవి తెచ్చి, కొన్ని పాతవి తయారుచేయడం మానేస్తాయి. సింహం ఎప్పుడూ దొరుకుతుంది. అలుగు లాంటివి ఆగిపోతే మళ్లీ రాకపోవచ్చు, పాతది ఎవరి దగ్గరైనా ఉంటే రెట్టింపు చెబుతారు. "ఇప్పుడు వదిలేస్తే ఇక దొరకదు" అనే టెన్షన్‌లో వేలు ఫోన్ మీద నొక్కేస్తుంది. పైగా విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. అరచేతిలో పట్టే బొమ్మకు అంత ధర ఎందుకో మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పుత్తూరులో దాచిన నాలుగు బొమ్మలూ తెచ్చి ఆయన చేతికివ్వండి. దొరికాయని అబద్ధం చెప్పొద్దు. "కోపంతో నేనే దాచాను" అని చెప్పండి. ఇది ముందు జరగాలి, ఎందుకంటే ఆయన పార్సిళ్లు దాచిన సంగతి మీరు అడగబోతున్నారు. ఈ నాలుగూ అమ్మగారింట్లో ఉండగా ఆ మాట అడిగితే దానికి బలం ఉండదు. కోప్పడితే కోప్పడనివ్వండి. అదే పూట మిగతా విషయాలు ఎత్తకండి. ఒకటి రెండు రోజులు ఆగండి.

మాట్లాడే రోజున బాబు, అత్తగారు ఇంట్లో లేని సమయం చూసుకోండి. ఆదివారం పొద్దున కాఫీ తాగాక అయితే మేలు. మొదటి మాట టైఫాయిడ్ గురించే అనండి. "ఏమండీ, నాకు అంత జ్వరంగా ఉన్నప్పుడు మీరు పక్కనే ఉండి కూడా నన్ను పట్టించుకోలేదు. నాకు చాలా కష్టంగా అనిపించింది" అని చెప్పి ఆగండి. ఆయన జవాబు చెప్పేదాకా ఆగండి. బొమ్మల మాట కలపకండి. కలిపారో, ఆయన బొమ్మల్ని వెనకేసుకురావడంలో పడిపోతారు, మీ మాట పక్కకు పోతుంది. కొంతమంది మగవాళ్లు ఇంట్లో జబ్బు చూస్తే భయపడిపోయి ఏదో ఒక పనిలో చేతులు పెట్టుకుంటారు. మీవారు అలాంటివారో, నిజంగానే పట్టించుకోలేదో ఆయన నోటితోనే వినండి.

డబ్బు విషయంలో మెత్తగా ఉండొద్దు. 46 వేల జీతంలో 31 వేల కార్డు బాకీ చిన్నది కాదు. చాలా కార్డుల్లో బాకీ మీద నెలకు మూడు శాతానికి పైనే వడ్డీ పడుతుంది. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అసలు తగ్గనే తగ్గదు. ఆయన అకౌంటెంటు, ఈ లెక్క ఆయనకు మీకంటే బాగా తెలుసు. బాకీ తీరేదాకా కొత్త బొమ్మ ఒక్కటీ వద్దని గట్టిగా అడగండి. తీరాక నెలకు ఇంతని ఒక మొత్తం ఇద్దరూ కలిసి అనుకోండి. ఆ డబ్బుతో ఏ జంతువు కొన్నా మీరు ఒక్క మాట అనకూడదు. కావాల్సినవాటి జాబితా కాగితం మీద రాసుకుని, నెల గడిచాక కూడా అదే కావాలనిపిస్తే కొనమనండి. పార్సిళ్లు ఇంటికే రావాలి. అంతే మొత్తం మీకు కూడా నెలనెలా ఉండాలి, దేనికి ఖర్చు పెట్టారో ఎవరికీ చెప్పనక్కర్లేని డబ్బు. ఈ మాట మర్చిపోవద్దు. ఇలాంటి ఇళ్లలో ఆడవాళ్లు భర్త ఖర్చుకు కళ్లెం వేస్తారు కానీ తమకంటూ ఏమీ అడగరు.

బాబు సంగతి నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగగా ఉంది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే, నాన్నకు నాకంటే ఆ బొమ్మ ఎక్కువ అని. వాడి కోసం కొన్న బొమ్మలతో మొదలైన అల్మరా దగ్గరికి వాణ్నే రానివ్వకపోవడం అన్యాయం. ఆ కంపెనీలు ఈ బొమ్మల్ని పిల్లలు ఆడుకోవడానికే చేస్తాయి. పీవీసీతో చేసినవి గట్టివి, చేతిలో పట్టుకుంటే ఏమీ కావు. రెజిన్‌తో చేసినవి మాత్రం పెళుసు, కింద పడితే విరుగుతాయి. కాబట్టి పెళుసువి పై అరల్లోకి, గట్టివి కింది రెండు అరల్లోకి మార్చమనండి. కింది అరలు బాబువి. వాడు తీసి ఆడుకుని మళ్లీ అక్కడే పెడతాడు. విరిగిన కాలు ఫెవిక్విక్‌తో అతుకుతుంది. ఆ అతికే పని తండ్రీకొడుకులు కలిసి చేయాలి. అంతకంటే ముందు, రెండు రోజులు మాట్లాడనందుకు తండ్రి వాడికి సారీ చెప్పాలి. పిల్లలకు సారీ చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు. కానీ ఇక్కడ చెప్పి తీరాలి.

ఒక ఆదివారం ముగ్గురూ ఎస్వీ జూపార్క్‌కు వెళ్లండి. 1987లో మొదలైన ఆ జూ వేల ఎకరాల్లో ఉంది, తిరగడానికి ఒక పూట చాలదు. ఏ జంతువు కాళ్లు ఎలా పెడుతుందో, తోక ఎలా ఊపుతుందో బాబుకు చూపించే పని ఆయనకు అప్పగించండి. ఇంకో మాట కూడా ఆయనతో అనండి. కాంగో జంతువు అల్మరాలో ఉంది, మన శేషాచలం కొండల్లో తిరిగే బంగారు బల్లి, దేవాంగపిల్లి ఉన్నాయా అని. లేకపోతే ఎయిర్ డ్రై క్లే తెచ్చి తండ్రీకొడుకులు చేసుకోవచ్చు. అది గాలికే ఆరి గట్టిపడుతుంది, పైన అక్రిలిక్ రంగులు వేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, వాళ్లిద్దరూ గంటల తరబడి ఒకచోట కూర్చుంటారు.

కిటికీ విషయంలో ఆయన మాటలో నిజం ఉంది. నేరుగా ఎండ పడితే రంగు వెలిసిపోతుంది. మన తిరుపతి మే నెల వేడికి సన్నటి కాళ్లున్న బొమ్మలు వంగిపోతాయి కూడా. వేడి నీళ్లలో కాసేపు ఉంచి సరిచేసి, చన్నీళ్లలో ముంచితే మళ్లీ నిలబడతాయి. అంతమాత్రాన ఇద్దరు మనుషులు గాలి లేని గదిలో పడుకోవాలా? అద్దాల తలుపులున్న అల్మరా ఒకటి హాల్లో, ఎండ పడని లోపలి గోడకు పెట్టించుకోండి. దుమ్ము బాధ తగ్గుతుంది, బెడ్‌రూమ్ మీకు తిరిగి వస్తుంది, వచ్చినవాళ్లు కూడా చూస్తారు. అభిరుచిని నలుగురిలో పెట్టిన మనిషికి దాన్ని దాచుకునే అవసరం తగ్గుతుందని నా నమ్మకం.

ఇక మీ అత్తగారు. కొడుకు తెచ్చినవాటికి కోడలు సమాధానం చెప్పాల్సిన పని లేదు. "మీ అబ్బాయినే అడగండి అత్తమ్మా" అని నెమ్మదిగా చెప్పండి. అమ్మతో మాట్లాడాల్సింది ఆయనే. పెద్దావిడ భయాన్ని కొట్టిపారెయ్యకుండా, ఆవిడకు తెలిసిన విషయాలతోనే చెప్పమనండి. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని, వెండి బల్లిని మొక్కి తాకి వస్తాం. శ్రీకాళహస్తిలో శివుణ్ని కొలిచి మోక్షం పొందినవి సాలెపురుగు, పాము, ఏనుగు. బ్రహ్మోత్సవాల్లో స్వామి శేషుడి మీద, సింహం మీద, గజం మీద ఊరేగుతాడు. మన చుట్టూ జంతువులు లేని దేవుడు ఎక్కడున్నాడు? మీ ఇంట్లో దసరా కొలువు పెట్టే ఆనవాయితీ ఉంటే, మెట్ల పక్కన నేల మీద పిల్లలు వేసే పార్కు ఈసారి తాతల కాలం ప్లాస్టిక్ ఆవులకు బదులు ఈ జంతువులతో వేయనివ్వండి. మట్టిలో ఆవాలు చల్లితే నాలుగైదు రోజులకు పచ్చగా మొలుస్తాయి, అడవి తయారు. పేరంటానికి వచ్చినవాళ్లకు ఏ జంతువు ఏమిటో బాబు చెబుతుంటే మీ అత్తగారు ఎలా చూస్తారో చూడండి. ఆవిడకు అప్పటికీ గబ్బిలం గిట్టకపోతే దాన్ని పై అరలో వెనక్కి పెట్టెయ్యడానికి ఆయన ఒప్పుకోవాలి. ఆవిడ కూడా ఆ ఇంట్లో మనిషే.

మీ తమ్ముడికి మీ మీద ఉన్న ప్రేమ అర్థమైంది. కానీ తమ్ముడి మాట మాత్రం వినకండి. పీవీసీ కాలిస్తే గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతినే విషవాయువులు వస్తాయి. అదొకటి. ఏళ్ల తరబడి ఒక మనిషి ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్నదాన్ని తగలబెడితే, ఆ తర్వాత ఆయనతో ఏం మాట్లాడినా చెవికెక్కదు.

డాక్టరు సంగతి. మాట్లాడిన తర్వాత కూడా ఆయన కొత్త అప్పు చేసినా, కొనకుండా ఉండలేక నిద్ర పట్టక తిరుగుతున్నా, ఆఫీసు పని పాడవుతున్నా, ఆపమంటే చెయ్యి చేసుకునేంత కోపం వస్తున్నా, అప్పుడు ఆలస్యం చేయొద్దు. రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. వెళ్లడానికి ఆయన మొండికేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన కోసమే కాదు, మీరు మీ కోసం కూడా ఆ నంబరుకు చేయొచ్చు. టైఫాయిడ్ తర్వాత నీరసం చాలా రోజులు ఉంటుంది. ఆ నీరసంలో ఇంటి పని, అత్తగారి మాటలు, బాకీ టెన్షన్ అన్నీ ఒక్కరే మోస్తున్నారు. ఈ నెలలో ఒక వారం బాబును తీసుకుని పుత్తూరు వెళ్లి రండి. ఆ నాలుగు బొమ్మలూ ఇచ్చేసి, మాట్లాడాల్సింది మాట్లాడాకే వెళ్లండి, అలిగి వెళ్లినట్టు ఎవరూ అనుకోరు.