తడి చెత్త బయటికి పంపడం మానేశాక

"మన ఒక్క ఇంట్లో జాగ్రత్త పడితే పర్యావరణానికి ఒరిగేదేముంది?" అని కొందరు అడుగుతుంటారు. ఒరుగుతుందండీ. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

హైదరాబాద్‌లో మేం నలుగురం. గుడ్డ సంచి, స్టీలు సీసా ఎప్పటినుంచో అలవాటే. కానీ అసలు తేడా తెలిసింది తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేయడం మొదలుపెట్టాకే. ఒకసారి వానాకాలంలో, మా నగరం చెత్త పోసే జవహర్‌నగర్ డంప్‌యార్డు వైపు బంధువుల ఇంటికి వెళ్ళాను. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆ వాసనకు కడుపులో తిప్పేసింది. అక్కడివాళ్ళు రోజూ పీల్చేది ఆ గాలే. తొక్కలు, మిగిలిన అన్నం అంత గుట్ట కింద గాలాడక కుళ్ళితే మీథేన్ పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందులో మా వంటింటి వాటా కూడా ఉందనిపించి చాలా బాధేసింది.

ఇంటికొచ్చి రెండు పాత పెయింటు బకెట్లకు కన్నాలు పెట్టాం. అడుగున ఎండుటాకులు, పైన ఆ రోజు చెత్త, కాస్త పుల్లటి మజ్జిగ, మళ్ళీ ఆకులు. మొదటి నెల ఒకటే కంపు, తెల్ల పురుగులు. పక్కింటావిడ వచ్చి గట్టిగానే చెప్పారు. మానేద్దామనుకుంటుండగా ఊరి నుంచి అమ్మ వచ్చింది. బకెట్‌లో చెయ్యి పెట్టి చూసి, "తడి ఎక్కువైందే. ఆకులు ఇంకా వెయ్యి, కలుపుతూ ఉండు" అంది. చెత్త ఎంతో ఆకులూ అంత వేసి, రెండు రోజులకోసారి కర్రతో తిరగేస్తే వారంలో వాసన పోయింది. పిడికిట్లో పిండితే నీరు కారకూడదు, అలాగని పొడిపొడిగా రాలిపోనూ కూడదు. అదొక్కటి చూసుకుంటే చాలు. రెండు నెలలకు నల్లటి ఎరువు, తడిసిన మట్టి వాసనతో. మా కరివేపాకు మొక్కకు అదే.

ఇంకొకటి నేను అనుకోనిది. చెత్త ఆటో అన్న ఇదివరకు సాంబారు అంటిన కవర్లను ఒట్టి చేతులతో విడదీసేవాడు. ఇప్పుడు మా ఇంటి పాల ప్యాకెట్లు, అట్టలు శుభ్రంగా ఉంటాయి, నేరుగా పక్క సంచిలో వేసుకుని అమ్ముకుంటాడు. తడి, పొడి వేరు చేసి ఇవ్వాలని 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. మా వీధిలో ఇప్పటికీ ఇచ్చేది కొన్ని ఇళ్ళే.

మొదట్లో మాంసం, ఎముకలు వేయకండి. ఎండుటాకులు కొనక్కర్లేదు. వీధి చివర ఊడ్చి తగలబెట్టేవాటినే ఒక గోనెసంచిలో నింపుకు తెచ్చుకోండి, ఆ పొగ కూడా తగ్గుతుంది.