జావా ముప్పై వరుసలు: సర్వర్ ఒకటా, ముప్పయ్యా?

ప్రశ్న: 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో ఉబుంటు వేసి, దోస్తుల కోసం మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుపుతున్నాను. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే హెచ్‌టాప్‌లో జావా పేరుతో ముప్పైకి పైగా వరుసలు కనిపిస్తున్నాయి, చాలావాటి పక్కన ఒకే మెమరీ అంకె ఉంటోంది. ఈమధ్య కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆట ఆగి ఆగి నడుస్తోంది. మెషీన్ ఆన్ కాగానే సర్వర్ దానంతటదే లేవాలని మొదట్లో క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ అనే టైమర్ ప్రోగ్రాము పనుల జాబితా) రీబూట్ లైను పెట్టాను, తర్వాత అదే పనికి సిస్టమ్‌డీ (ఉబుంటులో సర్వీసులను లేపి చూసుకునే ప్రోగ్రాము) సర్వీసు కూడా రాశాను. అదనపు వరుసలను కిల్ చేయవచ్చా, అంటే బలవంతంగా ఆపవచ్చా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: దయచేసి ఒక్కదాన్నీ కిల్ చేయకండి. అవి చాలావరకు ఒకే ప్రాసెస్‌లోని (నడుస్తున్న ఒకే ప్రోగ్రాములోని) థ్రెడ్లు, అంటే పక్కపక్కనే సాగే పనులు. చెత్త మెమరీ ఏరడానికి, కోడ్ కంపైల్ చేయడానికి, నెట్‌వర్క్ చూడటానికి జావా వేర్వేరు థ్రెడ్లు పెట్టుకుంటుంది. హెచ్‌టాప్ ఒక్కో థ్రెడ్‌ను ఒక్కో వరుసగా చూపుతుంది. మెమరీ వాటన్నిటికీ ఉమ్మడిది కనుక ఆ అంకెలను కూడకూడదు. వాటిలో ఏ ఒక్కదానికి కిల్ పంపినా మొత్తం సర్వర్ పడిపోతుంది. షిఫ్ట్ పట్టుకుని హెచ్ నొక్కితే థ్రెడ్లు దాగి అసలు ప్రాసెస్‌లే మిగులుతాయి.

అప్పటికీ జావా రెండు కనబడితే, లేదా ఒకదాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) మాటిమాటికీ మారుతుంటే, అసలు తిప్పలు అక్కడే. మీరు చెప్పినదాన్నిబట్టి ఇదే జరుగుతూ ఉండవచ్చు: కరెంటు రాగానే క్రాన్ ఒక సర్వర్‌ను లేపుతుంది, సిస్టమ్‌డీ ఇంకోటి లేపుతుంది. ఆటగాళ్లు కనెక్ట్ అయ్యే 25565 పోర్టు మొదటిదాని చేతిలో ఉంటుంది, ఆట ప్రపంచం సేవ్ అయ్యే ఫోల్డర్‌కూ తాళం పడి ఉంటుంది. రెండోది పోర్టో ఫోల్డరో దొరకలేదని లాగ్‌లో రాసి ఆగిపోతుంది. సర్వీసు ఫైల్లో రీస్టార్ట్ ఆల్వేస్ అని ఉంటే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపుతుంది. మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు లేపాక సిస్టమ్‌డీ విరమించుకుంటుంది. కానీ జావా లేచి పడటానికే కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి ఆ హద్దు తగలదు. లేచిన ప్రతిసారీ సీపీయూ, ర్యామ్ లాగేస్తుంది. 4 జీబీ మెషీన్ స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే నెమ్మదైన డిస్క్ జాగాలోకి) జారేది అందుకే.

రుజువు కోసం 'సుడో ఎస్ఎస్ -టీఎల్‌ఎన్‌పీ' కొట్టి, 25565 ఎదుట ఉన్న పీఐడీ చూడండి. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' పక్కన ఆ పీఐడీ ఇస్తే దాన్ని లేపింది మీ సర్వీసా, క్రానా అన్నది చాలావరకు తేలుతుంది.

ముందు సర్వీసును ఆపండి. తర్వాత క్రాన్ లేపిన సర్వర్ కన్సోల్‌లో 'స్టాప్' అని టైపు చేయండి. కన్సోల్ అందకపోతే మామూలు కిల్, అంటే ఆగమని అడిగే 15వ సిగ్నల్ పంపండి. అప్పుడు ప్రపంచం సేవ్ అయ్యాకే మూతపడుతుంది. ఉన్నపళంగా చంపే 9వ సిగ్నల్ పంపితే చివరి సేవ్ తర్వాత మీ దోస్తులు కట్టినదంతా పోతుంది. 'క్రాన్‌ట్యాబ్ -ఇ' తెరిచి రీబూట్ లైను తీసేయండి. ఇది మరిచిపోతే మళ్లీ కరెంటు పోయి వచ్చిన రోజు కథ మొదటికొస్తుంది. చివరగా సర్వీసును మొదలుపెట్టండి.

పాత కౌంటర్‌స్ట్రైక్ లాంటి, సోర్స్ అనే గేమ్ ఇంజిన్ ఆటల సర్వర్లు నడిపేవారికి ఒక మాట: అక్కడ ఎస్‌ఆర్‌సీడీఎస్ రన్ అనే స్క్రిప్టు, అది లేపే ఎస్‌ఆర్‌సీడీఎస్ లినక్స్ రెండూ కనబడటం సహజం. మొదటిది కాపలాదారు, రెండోది పడిపోతే మళ్లీ లేపుతుంది. అందుకే రెండోదాన్ని మాత్రమే చంపితే అది తిరిగొస్తుంది.