ఫోల్డింగ్ హార్డ్‌టాప్ కారు మన గోదావరి తేమకి ఆగుతుందా?

పాలకొల్లు నుంచి ఒకాయన అడిగారు. ఇనప టాపు మడతపడి డిక్కీలోకి దిగిపోయే పాతకాలం కారు, ఫోర్డ్ స్కైలైనర్, ఒకటి బేరానికి వచ్చిందట. కొనొచ్చా, మన తేమకి ఆగుతుందా, బాగుచేసేవాళ్లు ఇక్కడ దొరుకుతారా అని.

మాది రాజోలు వైపండి. నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. కువైట్‌లో పదకొండేళ్లు పాత కార్ల షెడ్డులో పనిచేశాను. అక్కడ ఒక పెద్దాయన దగ్గర 1957 స్కైలైనర్ ఉండేది, దాని వైరింగ్ మొత్తం నేనే చూశాను. ఇప్పుడు ఇంటిదగ్గర నాకున్నది స్టాండర్డ్ హెరాల్డ్, 1966 మోడల్, రెండు డోర్ల బండి. ఈ రెండింటితో పడినవాడిగా చెబుతున్నాను: ఆగుతుంది. కాకపోతే బండిని చూసే పద్ధతి వేరేగా ఉండాలి. మనవాళ్లు పాత కారు అనగానే స్టార్ట్ చేయించి పొగ చూస్తారు, తర్వాత రంగు చూస్తారు. ఈ బండికి ముందు వైర్లు చూడాలి, తర్వాత నీళ్లు పోయే దారులు. ఇంజిన్ బాగుచేసేవాళ్లు తణుకులోనైనా రావులపాలెంలోనైనా దొరుకుతారు, దాని గురించి టెన్షన్ వద్దు.

స్కైలైనర్ 1957 నుంచి 1959 దాకా మూడేళ్లే వచ్చింది, మొత్తం 48,394 బళ్లు. టాపు లేపడానికి అందులో హైడ్రాలిక్ లేదు, అంతా కరెంటే. మూడు డ్రైవ్ మోటార్లు, నాలుగు లాక్ మోటార్లు, పది రిలేలు (మోటారుకి కరెంటు కలిపే స్విచ్‌లు), పది లిమిట్ స్విచ్‌లు (ఒక పని పూర్తయిందని చెప్పేవి), ఎనిమిది సర్క్యూట్ బ్రేకర్లు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేవి), వీటన్నిటినీ కలుపుతూ 610 అడుగుల వైరు. మన కాలవల మీద లాకులు చూశారుగా, పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూసి, నీటిమట్టం సమానమైతే తప్ప ముందు తలుపు తియ్యరు. ఇదీ అంతే. డిక్కీ మూత లాకు ఊడాలి, మూత వెనక్కి పూర్తిగా లేవాలి, అప్పుడు టాపు లాకులు ఊడాలి, టాపు లేచి వెనక్కి వెళ్లేటప్పుడు ముందు ముక్క మడతపడాలి, చివరికి మూత మూసుకోవాలి. ఒక్కో పని అయిందని లిమిట్ స్విచ్ నొక్కుకుంటేనే తర్వాతి రిలే పడుతుంది. అన్నీ బాగుంటే నిమిషం పని. మొదటిసారి చూసినప్పుడు చేతిలో టెస్టర్ పట్టుకుని అలా నిలబడిపోయాను. కంప్యూటర్ అన్నదే లేకుండా, ఆ రోజుల్లో అంత చక్కగా వరస కట్టారు.

ఒకరోజు ఆ బండి టాపు సగంలో ఆగిపోయింది. డిక్కీ మూత ఆకాశంలోకి లేచి ఉంది, టాపు గాల్లో ఉంది. అంతకుముందు చూసిన మెకానిక్ మోటారు పోయిందని కొత్తది వేయించాడు, అయినా అదే తంతు. నేను జంపర్ వైరుతో మోటారుకి నేరుగా కరెంటు ఇస్తే చక్కగా తిరిగింది. అంటే మోటారు తప్పు కాదు, దానికి ఆర్డర్ రావట్లేదు. రెండు రోజులు వరసగా ఒక్కో స్విచ్చూ చూసుకుంటూ వచ్చాను. మూత పూర్తిగా లేచిందని చెప్పాల్సిన లిమిట్ స్విచ్ దగ్గర పాత గ్రీజు, దుమ్ము కలిసి తారులా గట్టిపడింది. దాని చిన్న ఇనప నాలుక వేలితో నొక్కితే లోపలికి వెళ్తోంది గానీ తిరిగి బయటికి రావట్లేదు. పెట్రోలులో ముంచిన బ్రష్‌తో కడిగి, పలచగా ఆయిలు రాశాను. అంతే, టాపు దిగింది. అందుకే చెబుతున్నా, టాపు మధ్యలో ఆగితే ఎవరినీ చేత్తో తొయ్యనివ్వకండి. టాపుని లేపే స్క్రూ జాకీలు వంగిపోతే అవి దొరకడం చాలా కష్టం. బ్యాటరీ వీకైతే రిలేలు టకటక కొట్టుకుంటాయి, పని జరగదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచే టాపు ఆడించండి.

ఇక మన దగ్గర సంగతి. కువైట్‌లో ఇసుక, ఇక్కడ తేమ. వర్షాకాలం నాలుగు నెలలూ ఎర్త్ పాయింట్లు, అంటే వైర్లు బండి బాడీకి బిగించే చోట్లు, పచ్చగా చిలుం పడతాయి. సముద్రం దగ్గరైతే ఇంకా త్వరగా. నరసాపురం, అంతర్వేది గాలి సంగతి మీకు తెలియంది కాదు. ఒక్క ఎర్త్ వదులైనా ఆ పది రిలేల్లో ఏది అలిగిందో వెతకడానికి వారం పడుతుంది. ప్రతి ఎర్త్ బోల్టూ విప్పి, గీకి, బిగించి, పైన గ్రీజు పెట్టండి. ఇంకోటి, కోతలయ్యాక ఎలుకలు ఇళ్లలోకొస్తాయి. షెడ్డులో ధాన్యం బస్తాలు, గడ్డి ఉంటే ఆ 610 అడుగుల వైరుకి దినదినగండమే. తాటాకు పాక వద్దు, సిమెంటు నేల వేసి నాలుగువైపులా గాలి ఆడే షెడ్డు కట్టండి. ప్లాస్టిక్ కవరు గట్టిగా కప్పితే లోపల ఉక్కకి చెమ్మ పట్టి మరీ పాడవుతుంది.

నీళ్ల దారి విషయంలో నేను దెబ్బతిన్నది హెరాల్డ్‌తోనే. దాని టాపు మడతపడదు గానీ బోల్టులు విప్పితే ఊడొస్తుంది. ముందు అద్దం పైనా, వెనకా బిగించి ఉంటుంది. తుప్పుతో పట్టేసిన ఆ బోల్టుల్ని రాత్రంతా డీజిలు పోసి నానబెట్టాను. తెల్లారి కొబ్బరి దింపడానికొచ్చిన నలుగురు కుర్రాళ్లు టాపు ఎత్తి వరండాలో పెట్టారు. ఆ సంతోషంలో ముందు రంగు వేయించేశాను, రబ్బరు బీడింగ్ తర్వాత చూద్దామనుకున్నాను. ఒక్క ముసురుకి నీళ్లు లోపలికి దిగి మ్యాట్ కింద జనపనార పట్టా నానిపోయింది. మ్యాట్ ఎత్తితే చెరువు గట్టు వాసన. స్క్రూడ్రైవర్ నొక్కితే నేల రేకులోంచి కిందికి దిగిపోయింది. మళ్లీ రేకు కోసి, వెల్డింగ్, ప్రైమర్, కొత్త రంగు. అంతా రెండోసారి ఖర్చు. మీ బండికి టాపు, డిక్కీ కలిసేచోట బీడింగ్ మార్చి, మీద బకెట్టుతో నీళ్లు పోసి, ఎక్కడ కారుతుందో చూశాకే టింకరింగ్, రంగు.

స్కైలైనర్‌కి పెట్రోలు ట్యాంకు వెనక సీటు వెనకాలే ఉంటుంది. డిక్కీలో వాసనొస్తే ముందు అదే చూడండి. మోటార్లు కాలిపోతే పారెయ్యొద్దు. సెల్ఫ్ మోటార్లకి వైండింగ్ చేసే పాత మేస్త్రి దొరికితే వీటికీ చేయగలడు. తీసేముందు వైర్ల రంగులు కాగితం మీద రాసుకోండి.

కాగితాలు మాత్రం అడ్వాన్స్ ఇవ్వకముందే. బండి దేశంలోకి ఎలా వచ్చిందో ఒరిజినల్ కాగితం చూపించమనండి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, రెన్యువల్‌కి 5,000. కానీ ఆ బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకి, వింటేజ్ ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి తియ్యొచ్చు. రోజూ భీమవరం వెళ్లిరావడానికి అనుకుంటే మాత్రం ఇది మీకు కాదు.

బేరం కుదిరేముందు ఆ టాపుని మూడుసార్లు దింపి, ఎత్తి చూపించమనండి. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి స్పీడు తగ్గిందా, మధ్యలో ఎక్కడైనా ఆగి ఆలోచించిందా రాసుకుని ఇక్కడ పెట్టండి. ఏ స్విచ్ దగ్గర మొదలుపెట్టాలో చెబుతాను.