షేక్ చేసింది అని రాసేముందు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను, బాగుంది, నిజంగా బాగుంది, కానీ రెండో పేజీలో తుఫాను గురించి "హుద్‌హుద్ వైజాగ్‌ని షేక్ చేసి పడేసింది" అన్నావ్ చూడు, అక్కడ నాకు కాలికి రాయి తగిలినట్టయింది. మనవాళ్లు షేక్ అనేమాట ఇప్పుడు ఎక్కడ వాడుతున్నారు, సినిమా బాక్సాఫీస్‌ని షేక్ చేసింది అంటారు, అంటే మెచ్చుకోలే కదా. అదరడం కూడా అంతే, గుండె అదిరింది అంటే భయం, పాట అదిరింది అంటే సూపర్.

నువ్వు ఇంగ్లీష్ షేక్ అప్ మనసులో పెట్టుకుని రాశావని అర్థమైంది. సీసాలో మందు అడుక్కి దిగితే కుదిపి కలపడానికీ అదే మాట. మంత్రివర్గంలోనో ఆఫీసులోనో మనుషుల్ని, పద్ధతుల్ని గట్టిగా మార్చడానికీ అదే, దానికి మన పేపర్లు ప్రక్షాళన అని రాస్తాయి, మనమైతే "కొత్త మేనేజరొచ్చి అందరి సీట్లూ మార్చిపారేశాడు" అంటాం. నీకు కావాల్సింది ఇంకో అర్థం, దెబ్బ తగలకపోయినా మనిషి లోపల చెదిరిపోవడం.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిన రోజు. గాలి తగ్గాక మెట్ల మీద కూర్చున్న కింద పోర్షన్ మామ్మగారికి స్టీల్ గ్లాసులో టీ ఇచ్చాను, ఒంటి మీద గీత కూడా లేదు ఆవిడకి, కానీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగట్లేదు, టీ చీర మీద ఒలికిపోతున్నా తెలియట్లేదు, గేటు దగ్గర వేళ్లతో సహా పడిపోయిన వేపచెట్టునే చూస్తున్నారు. ఇంగ్లీష్‌వాళ్లు షేకన్ అప్ అనేది దీన్నే. మనం మనిషి బెదిరిపోయింది అంటాం, ఇంకా ఎక్కువైతే మనిషి మనిషిలో లేదు అంటాం.

ఇంకోటి, ఆ అప్‌ని విడిగా తెలుగులోకి తేవాలని చూడకు, దాని పని మనకి క్రియ చివర్లోనే ఉంది. గాలి తలుపుని కుదిపింది అంటే కాసేపు కొట్టుకుందంతే, కుదిపేసింది అంటే గడియ ఊడొచ్చేదాకా వదల్లేదన్నమాట. ఆ చిన్న 'ఏ' ఎంత బరువు మోస్తుందో నాకు పట్టుబడ్డానికి చాలా ఏళ్లు పట్టింది తమ్ముడూ, నీకంత టైం పట్టకూడదనే ఇంత రాస్తున్నా.

నువ్వప్పుడు చిన్నపిల్లాడివి, అమ్మని అడుగు, మీ ఇంట్లో ముందు ఏ కిటికీ ఊడింది, కరెంటు లేని రాత్రుళ్లు ఎవరు నిద్రపోలేదు అని. ఆ ఒక్క పేరా మళ్లీ రాసి ఆదివారం సాయంత్రం పట్టుకురా, ఇంట్లోనే ఉంటాను.

అక్క
ఎంవీపీ కాలనీ